పక్కింటి మనిషినే అభ్యర్థిగా ఎరుగకపోవడం గురించి

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల, గోసాని, కాశీనగరం సమితుల్లోని (ఆంధ్రలో మండలాల్లాంటివి) మన తెలుగు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. "మన మనిషే కదా, కొత్తగా తెలుసుకోవడానికి ఏముంది?" అంటారు. 2022 ఫిబ్రవరిలో నేనూ అదే అన్నాను. ఆ మాట తప్పని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. అప్పుడు ఎన్నికైన వారి ఐదేళ్ల గడువు 2027లో ముగుస్తుంది కనుక, సమయం ఉండగానే ఇది రాస్తున్నాను.

ఆ ఎన్నికల్లో వార్డు సభ్యులకు, సర్పంచికి, సమితి సభ్యులకు, జిల్లా పరిషత్తు సభ్యులకు వేరువేరుగా నాలుగు ఓట్లు వేశాం. వీటిలో పార్టీ గుర్తు మీద జరిగేది జిల్లా పరిషత్తు ఎన్నిక ఒక్కటే. మిగిలిన మూడింటిలో మనిషిని చూసి ఓటు వేయాలి. అయినా టీ దుకాణాల దగ్గర మనం రోజుల తరబడి వాదించుకున్నది శంఖం గురించి, కమలం గురించి, చేయి గురించి మాత్రమే.

మా పంచాయతీలో సర్పంచి పదవి మహిళలకు కేటాయించారు. పోటీ చేసిన వారిలో ఒకరు ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి మా వీధికి కోడలుగా వచ్చినావిడ. నాకు వరసకు వదిన. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో శుభానికీ అశుభానికీ నేను లేని రోజు లేదు. కానీ ఒడియా చదవడం, రాయడం రానివారు సర్పంచిగా పోటీ చేయడానికి 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం ఒప్పుకోదని, పదో తరగతి వరకు తెలుగులోనే చదువుకున్న వదిన అందుకోసం కొడుకు బడి పుస్తకాలు ముందు పెట్టుకుని, రాత్రిళ్లు కూర్చుని ఒడియా నేర్చుకున్నారని ఎన్నికలు అయిపోయాక గానీ నాకు తెలియలేదు. నేను ఆమెకు ఓటు వేయలేదు. వాళ్లాయనకు కోపం ఎక్కువ అన్నది ఒక్కటే నా కారణం. అది తలచుకుంటే ఈనాటికీ బాధగా ఉంటుంది.

ఆమె ఓడిపోయిన తరువాత ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నాం. ఏ వీధిలో బోరింగు ఏ నెలలో ఎండిపోతుందో, ఒడియాలో పేరు ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా పడడం వల్ల ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను కోసం ఏ ముసలమ్మలు తిరుగుతున్నారో ఆమె ఇళ్లతో సహా చెప్పారు. "ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదు వదినా?" అన్నాను. "ఎవరడిగారు మరిదీ? వచ్చిన ప్రతివారూ మీ అన్నయ్యతోనే మాట్లాడి వెళ్లిపోయారు" అన్నారు.

ఒడిశాలో పంచాయతీ పదవుల్లో సగం మహిళలవి. అయినా గెలిచినామె ఇంట్లో ఉండగా ఆమె భర్తను "సర్పంచి గారూ" అని పిలిచే అలవాటు మనది. ఆడవాళ్లు నలుగురిలో మాట్లాడరని వాదించేవారిని నేను అడిగేది ఒక్కటే. మీరు ఎప్పుడైనా ఆమెను ఒక్క ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేవరకు విన్నారా?

ప్రశ్నలు అడిగితే చుట్టరికం చెడుతుందని కొందరి భయం. ఊరి ఓటర్లంతా కూర్చునే పల్లీసభలో తీర్మానం ఒడియాలో రాసి, అందులో ఏముందో తెలియని తెలుగువారి చేత, సవరల చేత వేలిముద్ర వేయించుకుంటే చెడనిది, అభ్యర్థిని ముందుగా అడిగితే చెడుతుందా? రాసింది సంతకానికి ముందు మా భాషలో చదివి వినిపిస్తారా అని నిలబడే ప్రతి ఒక్కరినీ వారి అరుగు మీదే కూర్చుని అడగాలి. ఇంతకుముందు ఎన్ని పల్లీసభలకు వచ్చారో కూడా అడగాలి. ఊళ్లోనే ఉంటూ ఒక్కదానికీ రానివారు పదవి వచ్చాక వస్తారని నేను అనుకోను.

వదిన ఈసారి వార్డు సభ్యురాలిగా నిలబడతానంటున్నారు. ఈ ఆదివారం వారింటికి వెళ్తున్నాను. అదే వార్డులో పోటీకి దిగుతామంటున్న మరో ఇద్దరి ఇళ్లకూ అదే రోజు వెళ్లి, అవే ప్రశ్నలు అడుగుతాను. మా వీధివారు ఎవరైనా తోడు వస్తే సంతోషిస్తాను.