యజమాని లేని విశేషణం

ఇంగ్లీషువారు మనకు వదిలి వెళ్లిన ఆస్తుల జాబితాను ఎవరైనా తయారుచేస్తే, రైలు పట్టాలకన్నా, తంతి తపాలాకన్నా పై వరుసలో రాయవలసినది ‘డౌట్‌ఫుల్’ అనే విశేషణమని నా నిశ్చితాభిప్రాయం. ఇది లేకపోతే హైదరాబాదులో పెళ్లి పిలుపులు, బ్యాంకు పద్దులు, స్థలాల బేరాలు ఒక్క పూటలో స్తంభించిపోతాయి. ఇంత సేవ చేస్తున్న మాటకు ట్యాంక్‌బండ్ మీద ఒక్క విగ్రహమైనా లేకపోవడం మన కృతఘ్నతకు నిదర్శనం.

ఈ విశేషణం గొప్పతనం దాని రెండు ముఖాల్లో ఉంది. ఇంగ్లీషులో ఒక మనిషి తాను డౌట్‌ఫుల్‌గా ఉన్నానని అంటే, సందేహిస్తున్నవాడు అతనే. అతని రాక డౌట్‌ఫుల్ అని ఇంకొకరు అంటే, సందేహానికి గురైనది ఆ రాక. అనుమానించేవాడికీ, అనుమానం పడ్డ వస్తువుకూ ఒకే అంగీ తొడిగిన ఆ భాష ఔదార్యం తెలుగుకు లేదు. ‘నాకు అనుమానంగా ఉంది’ అంటే ఆ ‘నాకు’ దగ్గరే దొరికిపోతాం. ఎందుకు, ఎవరిమీద, ఎప్పటినుంచి అని అవతలివారు నిలదీస్తారు, అనుమానం పెనుభూతమని పెద్దవారు మందలిస్తారు. ‘డౌట్‌ఫుల్ అండీ’ అన్నవాడిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు, ఎందుకంటే ఆ సందేహం ఎవరిదో అతను చెప్పలేదు. మేనమామ కూతురి పెళ్లికి రానని చెప్పడం బంధుత్వానికి ముప్పు. వస్తానని చెప్పడం ఆదివారానికి ముప్పు. ‘కొంచెం డౌట్‌ఫుల్ మావయ్యా’ అంటే మావయ్య కూడా సెలవు దొరకడం కష్టమేమో పాపం అనుకుంటాడు.

ఇంగ్లీషు వాడుకను దిద్దే పండితులు ఈ మాట వెనుక ఏ సంయోజకం రావాలో పూర్వం చాలా పట్టుదలగా చెప్పేవారు. నిజంగా తేలని విషయమైతే ‘వెదర్’ రావాలట, జరగదని లోలోపల నమ్మకం ఉంటే ‘దట్’ రావచ్చునట. హైదరాబాదు ఈ రెంటినీ ఒక్క ఏకారంతో సాధించింది. ‘డౌట్ అండీ’ అంటే ఇంకా తేలలేదని. ‘డౌటే అండీ’ అంటే తేలిపోయిందని. దీని దాయాది ‘డ్యూబియస్’ మాత్రం మన నగరంలో నిలదొక్కుకోలేదు. అందులో తప్పుడు పని వాసన ఎక్కువ. డ్యూబియస్ వ్యవహారం అనగానే ఎవరో ఏదో చేశారన్న అర్థం పొడుచుకువస్తుంది. ఎవరూ ఏమీ చేయకుండానే అన్నీ జరిగిపోయే ఊరికి అలాంటి మాట పనికిరాదు.

పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. లాటిన్‌లో రెండుకు ‘దుఓ’ అంటారు. రెండు వైపులా ఊగిసలాడే ‘దుబితారే’ అనే క్రియకు మూలం అదే. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరేసరికి అందులోని బి రాలిపోయింది. తరువాతి కాలపు పండితులు లాటిన్ మీది గౌరవం కొద్దీ ఆ బిని మళ్లీ తెచ్చి స్పెల్లింగులో కూర్చోబెట్టారు. సలహా సంఘంలో నామినేటెడ్ సభ్యుడిలా అది నాటినుంచీ హాజరు వేయించుకుంటోంది, ఒక్కసారీ నోరు విప్పలేదు.

ఈ విశేషణానికి అధికారిక హోదా కల్పించి, వయసు కట్టి, వెల నిర్ణయించిన ఘనత రిజర్వు బ్యాంకుది. వాయిదా చెల్లింపు 90 రోజులు దాటి బకాయి పడితే ఆ అప్పు నిరర్థక ఆస్తి అవుతుంది. పన్నెండు నెలల దాకా దానిని ‘సబ్‌స్టాండర్డ్’ అంటారు, అప్పటికీ కదలకపోతే ‘డౌట్‌ఫుల్’ వరుసలోకి జరుపుతారు, ఆ తరువాత మిగిలే మెట్టు ‘లాస్’ ఒక్కటే. డౌట్‌ఫుల్‌లోనూ తరతమ భేదాలున్నాయి. తనఖా విలువ వర్తించే మేరకు మొదటి ఏడాది 25 శాతం, తరువాతి రెండేళ్లలో 40 శాతం, మూడేళ్లు దాటితే నూటికి నూరు శాతం మొత్తాన్ని రాబోయే నష్టం కింద బ్యాంకు విడిగా కేటాయించుకోవాలి. తనఖా దన్ను లేని మొత్తానికి మొదటినుంచే 100 శాతం. మన ఇళ్లలో అనుమానానికి ఇంతటి క్రమశిక్షణ ఎక్కడిది? భర్త ఆలస్యంగా వచ్చిన మొదటి రాత్రే పూర్తి కేటాయింపు జరిగిపోతుంది.

ఇందులోని మర్యాదను కూడా పాఠకులు గమనించాలి. డౌట్‌ఫుల్ అయినది అప్పు, తీసుకున్నాయన కాదు. ఆయన బంజారాహిల్స్‌లో గృహప్రవేశం చేసుకుంటూ ఎప్పటిలాగే ప్రముఖ పారిశ్రామికవేత్తగానే ఉంటాడు. సంతకం పెట్టిన మేనేజరు ఎప్పుడో బదిలీ అయి ఉంటాడు. పద్దుల పుస్తకంలో ఆ విశేషణం ఒక్కటే, ఏ మనిషికీ అంటుకోకుండా, ఏళ్లు గడిచేకొద్దీ శాతం పెంచుకుంటూ బతుకుతుంది.

స్థలాల వ్యాపారంలో మాత్రం ఈ మాట ఎక్కడ ఉండాలో అక్కడ కనిపించదు. శంకర్‌పల్లి వైపో షాద్‌నగర్ వైపో వెంచర్ చూపించే ఏజెంటు నోట అది పొరపాటున కూడా రాదు. కాళ్లకింద చెరువు తడి తగులుతున్నా ఆయనకు అది ‘లేక్ వ్యూ’ మాత్రమే. హక్కులో ఉన్న ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడే కొనేవాడికి చెప్పాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ అంటుంది. అది గుర్తుచేసి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) గురించో లింకు డాక్యుమెంట్ల (స్థలం పాత చేతులు మారిన దస్తావేజుల) గురించో అడిగితే, ‘సార్‌కు అన్నీ డౌట్లే’ అని నవ్వుతాడు. ఒక్క నవ్వుతో లోపం స్థలంలోంచి లేచి, కొనేవాడి స్వభావంలో కూర్చుంటుంది. రెండు ముఖాల విశేషణం చేయగల సేవ ఇదే.

ప్రభుత్వం ఇంకా సున్నితంగా వ్యవహరించింది. 2017లో తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు తగాదా లేని భూములను పార్ట్-ఎలో, తగాదా ఉన్నవాటిని పార్ట్-బిలో చేర్చారు. సందేహాస్పదం అనే మాట వాడితే సందేహిస్తున్నది ఎవరని రైతు అడుగుతాడు. అక్షరాన్ని ఎవరూ ఏమీ అడగరు. భూరికార్డుల పోర్టల్‌గా 2020లో ధరణి వచ్చింది, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. ఇంగ్లీషు స్పెల్లింగులోని బి లాగే ఈ బి కూడా చాలామంది రైతుల విషయంలో ఏళ్ల తరబడి పలకలేదు.

న్యాయదర్శనమనే ప్రాచీన తర్కశాస్త్రం చదివినవారు ఇక్కడ నాకు అడ్డు తగలవచ్చు. ఆ దర్శనకర్త గౌతముడు చెప్పిన పదహారు పదార్థాలలో, అంటే విచారణాంశాలలో, సంశయం మూడవది. సందెవేళ దూరంగా నిలబడి ఉన్నది స్తంభమా, పురుషుడా అన్నది అందుకు వారిచ్చే ఉదాహరణ. సంశయం కలిగితే విచారణ మొదలవుతుంది, విచారణ నిర్ణయానికి చేరుస్తుంది. పాత పద్ధతిలో ఇది సబబే. మన కార్యాలయాల్లో స్తంభమో పురుషుడో తేలని ఆకారం కనిపిస్తే ఫైలు మీద డౌట్‌ఫుల్ అని రాసి ఇంటికి వెళతారు. తెల్లవారేసరికి ఆ ఆకారం నడిచి వెళ్లిపోయి ఉంటే, అది స్తంభం కాదని ఖర్చు లేకుండా తేలుతుంది.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. నగర పరిధిలో ఈ విశేషణం వాడే ప్రతివారూ ఆ సందేహం ఎవరిదో, ఎప్పటినుంచి ఉందో, తీరడానికి ఏం కావాలో ఒక్క వాక్యంలో చేర్చాలి. బ్యాంకులు, రెవెన్యూ కార్యాలయాలు, మేనల్లుళ్లు దీనిని తీవ్రంగా వ్యతిరేకిస్తారని ఎరుగుదును. మినహాయింపు ఒక్క ప్లంబర్లకే ఇవ్వాలి. ‘ఇవాళ డౌటే సార్’ అన్న ప్లంబరు ఇవాళ రాడు, రేపు కూడా రాడు. ఆ మాటలో అనిశ్చితి లేశమైనా లేదు.