మా ఇంటికి వారెంటు వచ్చింది

ఏలూరులో ఏ గేటు వెనక ఏ కుక్క ఉంటుందో, అది ముందు మొరిగి తర్వాత కరుస్తుందో, ముందే కరిచేసి తీరిగ్గా మొరుగుతుందో చెప్పగలిగిన మనిషి మా నాన్న ఒక్కరే. కుక్కలంటే ప్రేమ ఉండి కాదు. రిటైరయ్యేదాకా ఆయన ఇంటిపన్ను బిల్‌కలెక్టర్. కుడి పిక్క మీద రెండు మచ్చలు, ఎడమ మోచేతి మీద ఒకటి. ఏది ఏ వార్డులో, ఎంత బకాయి అడగబోతే పడిందో రసీదు నంబరుతో సహా చెప్తారు. బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్లు పొడిచే కాలంలో కూడా ఒకసారి కరిపించుకున్నారట. ఆ కథ మాత్రం అన్నం తినేటప్పుడు చెప్పొద్దని అమ్మ ఆంక్ష.

అలాంటి మనిషి ఒక పొద్దున "మనింటికో కుక్క కావాలి" అన్నారంటే దానికి కారణం ఇత్తడి కుళాయి. దొడ్లో గిన్నెలు తోముకునే చోట ఉన్న పాతకాలం కుళాయిని ఎవడో రాత్రికి రాత్రి విప్పుకుపోయాడు. పోతూ పోతూ ఆ గొట్టంలో ఓ గుడ్డముక్కయినా కుక్కలేదు. తెల్లారేసరికి పైన ట్యాంకు ఖాళీ, కింద దొడ్డి కొల్లేరు.

"ప్లాస్టిక్‌ది పెట్టిస్తే సరి. దాన్నెవడూ ఎత్తుకుపోడు" అంది అమ్మ.

ఇంత తేలికైన ఉపాయాన్ని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ ఒప్పుకోలేదు. నాన్న అంతకంటే బరువైన ఇత్తడి కుళాయి కొనుక్కొచ్చి బిగించి, దాన్ని కాయడానికి ఏ జాతి కుక్క కావాలో తేల్చడానికి ఆ సాయంత్రమే అందర్నీ కూర్చోబెట్టారు.

మొదట మావయ్య. ఆయన పోస్ట్‌మ్యాన్‌గా చేరి, పోస్టాఫీసులోనే రిటైరైనవాడు. అంటే ఆయన పిక్కలకీ చరిత్ర ఉంది. బావాబావమరుదులిద్దరూ అసలు విషయం పక్కనపెట్టి, ఎవరి కాటు లోతో కాసేపు వాదించుకున్నారు. "పన్నులవాణ్ణి కరిచిందంటే న్యాయం ఉంది బావా. మనియార్డరు తెచ్చినవాణ్ణి కరవడమేమిటి?" అని మావయ్య ఇప్పటికీ బాధపడతాడు. తర్వాత స్టాంపుల ఆల్బం తెరిచాడు. 2005 జనవరిలో మన తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కలకు స్టాంపులు వేసింది: హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం.

"ముధోల్ తీసుకో. మన సైన్యమే తీసుకుంది."

"అది వేటకుక్క. కుందేలు వెనక మైదానాల్లో పరిగెత్తాలి. మన దొడ్లో రెండంగలు వేస్తే గోడ."

బెంగళూరు నుంచి తమ్ముడు వీడియోకాల్‌లో హస్కీ అన్నాడు. నీలం కళ్ళట. "మంచులో బండి లాగే కుక్కరా అది. ఏలూరు మే నెలకి దానికి ఏసీ పెట్టాలి. ఏసీ గదిలో తలుపేసుకు పడుకున్న కుక్క దొడ్లో కుళాయినెలా కాస్తుంది?" అని నాన్న ఫోన్ తిప్పి అమ్మకిచ్చేశారు. హైదరాబాద్ అత్తయ్యది లాబ్రడార్ పార్టీ. తుపాకీ దెబ్బకి పడిన పక్షిని పన్ను గాటు పడకుండా నోట కరుచుకొచ్చి యజమాని చేతిలో పెట్టే జాతి. "దొంగ కంగారులో కుళాయి వదిలేసి పారిపోతే, ఇది వెనకాలే పరిగెత్తి ఇచ్చొస్తుంది" అని నాన్న దాన్నీ కొట్టేశారు. అమ్మ, సరే ఎలాగూ తప్పదు కదా అని, పామరేనియన్ అంది. చిన్నది, పిడికెడన్నం చాలు. కానీ ఒకప్పుడు వీధికి నాలుగు పామరేనియన్లున్న ఊళ్ళో ఉద్యోగం చేసిన నాన్న చెవులకి ఆ మాట పడలేదు.

అప్పటిదాకా మూల కూర్చుని వత్తులు చేసుకుంటున్న నానమ్మ గొంతు సవరించుకుంది.

"మా పుట్టింటి వైపు, కైకలూరు దగ్గర, బాతులవాళ్ళకి జోనంగి కుక్కలుండేవిరా. ఒంటికి అంటుకుపోయిన పొట్టి బొచ్చు. ఇన్నేసి బాతుల్ని ఒక్కటి తప్పిపోకుండా తోలుకొచ్చేవి. అన్ని కుక్కల్లా మొరగవు, రాగం తీస్తాయి. మట్టిలో గుంట తవ్వుకుని అందులో పడుకుంటాయి. ఏసీ అడగవు, మంచమడగవు. చేపల చెరువులొచ్చాక బాతులూ తగ్గాయి, అవీ తగ్గాయి. వెతికితే దొరక్కపోదు."

ఆ పూట ఆ గదిలో పనికొచ్చే మాట అదొక్కటే. అందుకే ఎవరూ పట్టించుకోలేదు. "బాతుల కుక్కని తెచ్చి కట్టేస్తే వీధిలో ఏమనుకుంటారమ్మా?" అన్నారు నాన్న. దొంగ ఏమనుకుంటాడన్నది అప్పటికే ఎవరికీ గుర్తు లేదు. నన్నడిగితే, మనూళ్ళలో సగం కుక్కల్ని కొనేది ఎదురింటివాళ్ళ కోసమే.

రాత్రి పదకొండింటికి నాన్న హాల్లో లైటు వేసి అందర్నీ లేపారు. చేతిలో ఫోను, కళ్ళలో నీళ్ళు.

"మనవాడే!"

"ఎవరండీ?" అంది అమ్మ భయపడి.

"డాబర్‌మ్యాన్! మన డిపార్ట్‌మెంటు!"

జర్మనీలో అపోల్డా అనే ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ కార్ల్ ఫ్రెడరిక్ లూయీ డాబర్‌మ్యాన్ అని ఒకాయన ఉండేవాడు. పని పన్నుల వసూలు. జేబులో జనం సొమ్ము, దారిలో దొంగలు, గుమ్మాల్లో తిట్లు. ఊళ్ళో దిక్కులేని కుక్కల్ని పట్టే పని కూడా ఆయనదే కావడంతో, దేన్ని దేనితో కలిపితే తన వెంట కాపలాగా నడిచే కుక్క పుడుతుందో చూసుకుని ఏకంగా ఓ కొత్త జాతినే తయారుచేసుకున్నాడు. ఆయన పోయాక దానికి ఆయన పేరే పెట్టారు.

"నూటయాభై ఏళ్ళ కిందటే ఆలోచించాడు, మహానుభావుడు! మేమేమో గొడుగు అడ్డం పెట్టుకుని తిరిగాం" అన్నారు నాన్న. ఇక ఆ రాత్రి ఇంకో జాతి పేరెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పిల్ల వచ్చింది. నల్లగా, కనుబొమల దగ్గరా మూతి దగ్గరా గోధుమరంగు మచ్చలతో ముద్దుగానే ఉంది. కానీ చెవులు చెంపల మీదికి వేలాడుతున్నాయి, వెనకాల మూరెడు తోక.

"డాబర్‌మ్యాన్‌కి తోకేంటి బావా? నిన్నెవడో ముంచేశాడు" అన్నాడు మావయ్య.

పశువుల డాక్టరుగారు టీకా వేస్తూ తేల్చిచెప్పారు. పుట్టుకతో వాటికి చెవులూ తోకా ఇలాగే ఉంటాయి. బొమ్మల్లో కనిపించే నిక్కబొడుచుకున్న చెవులు, మొండితోక మనుషులు కోసి తయారుచేసినవి. తాను మాత్రం కొయ్యనుగాక కొయ్యను. నాన్న కుక్క తాలూకు కాగితాలు లామినేషన్ చేయించి, "ఊరకుక్క బాగా ఏపుగా ఉందండీ" అన్నవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టారు.

పేరు వారెంటు. బకాయి ముదిరితే ఆఖరున ఇంటిమీదికొచ్చేది జప్తు వారెంటేనని, ఆ మాట వింటే ఒకప్పుడు వార్డు మొత్తం వణికేదని నాన్న వివరణ. నానమ్మకి నోరు తిరక్క "వారంటీ" అని పిలిచి పెరుగన్నం పెట్టేది. అది రెండింటికీ పలికేది, పెరుగన్నానికి ఇంకొంచెం ముందుగా పలికేది.

రోజూ పొద్దున్నే నాన్న దానికి శిక్షణ ఇచ్చేవారు. అదేం శిక్షణో మాకు అప్పట్లో అర్థం కాలేదు. భుజానికి పాత తోలుసంచీ తగిలించుకుని, తన పాత వార్డులో, గేటు గేటుకీ ఆగుతూ ఓ చుట్టు తిరగడం. ఆగిన ప్రతిచోటా "సిట్". కూర్చుంటే సంచీలోంచి బిస్కెట్టు. ఏడాది తిరిగేసరికి వారెంటు 35 కిలోల కుక్కయింది. గేటుకి "కుక్క ఉన్నది జాగ్రత్త" బోర్డు ఎక్కింది.

ఏప్రిల్ ఆఖరివారం. ఏడాది పన్నంతా నెలాఖరులోగా కట్టేస్తే 5 శాతం రాయితీ కాబట్టి, వార్డు సచివాలయం కుర్రాడు భుజాన సంచీతో ఎండలో పరుగులు పెడుతున్నాడు. మా బోర్డు చూసి గేటు బయటే ఆగిపోయాడు. నాన్నకిది పండగ. గొలుసు విప్పి, మీసం దువ్వి, "వారెంట్! ఎవరొచ్చారో చూడు!" అన్నారు.

వారెంటు చూసింది. కుర్రాడు కళ్ళు మూసుకున్నాడు. అది నెమ్మదిగా నడిచివెళ్ళి సంచీ వాసన చూసి, ఆ మూరెడు తోకనీ ఊపి, గేటు దాటి, కుర్రాడి ఎడమపక్క నిలబడింది. వాడు నాన్న దగ్గర పన్ను కట్టించుకుని పక్కింటికి కదిలాడు. అదీ కదిలింది. పక్కింటి గేటు దగ్గర, ఎవరూ చెప్పకుండానే, సిట్.

"వారెంట్, కమాన్!" అంటూ నాన్న వెనకాలే పరిగెత్తారు. మూడో ఇంటిదాకా అరుస్తూనే ఉన్నారు. నాలుగో ఇల్లు వడ్డీ వ్యాపారి గారిది. నాన్న సర్వీసు మొత్తంలో ఆ తలుపు మొదటి పిలుపుకి తెరుచుకున్న పాపాన పోలేదు. ఎప్పుడెళ్ళినా "సార్ ఊళ్ళో లేరు" అని సారే లోపల్నుంచి చెప్పేవారు. ఆ రోజు ఆయన కిటికీలోంచి ముందు కుర్రాణ్ణి, తర్వాత గేటు ముందు కూర్చున్న నల్లటి ఆకారాన్ని చూసి, పాత బకాయితో సహా డబ్బు పట్టుకుని గుమ్మంలోకొచ్చారు. నాన్న అరవడం మానేశారు. సందు చివర, ఆయన మోచేతి మచ్చకి కారణమైన ఆల్సేషన్ ఇంట్లో ఇప్పుడు దాని మనవడున్నాడు. వాడు వారెంటుని చూసి కారు కిందకి దూరాడు. నాన్న ఆ గేటు పట్టుకుని కాసేపు నిలబడిపోయారు.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను. "కుక్కెక్కడ, మీరెక్కడ? గేటు బార్లా తీసేసి పోయారు! పట్టపగలు కొత్త కుళాయి కూడా విప్పుకుపోయాడు. మళ్ళీ దొడ్డంతా నీళ్ళు!"

"ఇక్కడ కలెక్షన్ జరుగుతోంది, తర్వాత మాట్లాడతా" అని నాన్న పెట్టేశారు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి అమ్మ ప్లంబర్ని పిలిపించి ప్లాస్టిక్ కుళాయి బిగించేసింది. వీధి మొత్తం మాతో మాట్లాడటం మానేసింది. మావయ్య మాత్రం, పోస్ట్‌మ్యాన్‌కి ఇలాంటి జాతి ఎవరూ ఎందుకు తయారుచెయ్యలేదని రాత్రి పొద్దుపోయేదాకా కుమిలిపోయాడు.

పడుకోబోతుంటే నాన్న ఫోను మోగింది. సచివాలయం కుర్రాడు.

"సార్, రేపు పవర్‌పేట వైపు తిరగాలండీ. అక్కడ మొండి బకాయిలు చాలా ఉన్నాయి. వారెంటుగారు ఖాళీగా ఉంటారా?"

"పొద్దున్న ఏడింటికి ఇద్దరం వస్తాం" అన్నారు నాన్న.