అప్పుడు, ఇప్పుడు

పోయిన సద్దుల బతుకమ్మ నాడు, మలీద ముద్ద ఇంకా చేతిలోనే ఉంది, షికాగోలోని మన సంఘం వాళ్లు తెర మీద రెండు ఫొటోలు వేశారు. 'అప్పుడు', 'ఇప్పుడు'. నల్లగొండ దగ్గర మా ఊరి బడి. అప్పుడేమో టేకు రెక్కల కిటికీలు, పైన సజ్జలు. ఇప్పుడు తెరుచుకోని నీలం అద్దాలు, గోడలకు మెరిసే ఏసీపీ షీట్లు, అంటే అల్యూమినియం తొడుగు పలకలు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను, బడిని అలా మార్చిన చందాలో నా డాలర్లూ ఉన్నాయి మరి. ముద్ద మాత్రం గొంతు దిగలేదు.

ఏప్రిల్‌లో ఆ బడికి పోయొచ్చినవాణ్ణి. ఒంటిపూట బళ్లు నడుస్తున్నాయి. పదిన్నర కూడా కాలేదు, కొత్త గదికి తాళం, పిల్లలంతా వేపచెట్టు కింద. "లోపల ఉడికిపోతున్నరు సార్. గాలి రాదు, కరెంటు పోతే ఇగ అంతే" అంది ఆయమ్మ. తాళం తీయించి, తూర్పు అద్దం మీద అరచెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

ఇక్కడ షికాగోలో మా ఇంటి కథ వేరు. చలికాలం పాత కిటికీ పక్కన అగరొత్తి వెలిగిస్తే పొగ అడ్డంగా గదిలోకి కొట్టుకొచ్చేది. అప్పు చేసి కిటికీలు, గోడల బయటి తొడుగు, అదే సైడింగూ మార్పించాం. రెండద్దాల మధ్య ఆర్గాన్ గ్యాసు, అద్దానికి వేడిని వెనక్కి పంపే లో-ఈ పూత. పాత సైడింగ్ ఊడదీసిన రోజు తెలిసింది, చలినాపేది పైకి కనబడే పలక కాదు, దాని వెనక కొట్టే ఫోమ్ బోర్డూ, సందులు మూసే పనీ అని.

ఆ కిటికీల లేబుల్ మీద రెండు అంకెలుంటాయి. లోపలికీ బయటికీ వేడి ఎంత తొందరగా దాటుతుందో యూ-ఫ్యాక్టర్ చెబుతుంది, ఎండ వేడిలో ఎంత వంతు లోపలికొస్తుందో ఎస్‌హెచ్‌జీసీ చెబుతుంది. షికాగోలో ముందు మొదటిది చూసుకోవాలి, నల్లగొండలో రెండోది. అసలు ఎండ అద్దాన్ని తాకకముందే ఆపేది సజ్జ. దాన్ని మనం డబ్బిచ్చి మరీ పగలగొట్టించాం.

పాతింటి భజన చెయ్యను. ఊళ్లో మా ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా దీపపు బుడ్డి కావాల్సొచ్చేది, తేళ్లు సరేసరి. కానీ మూరెడు మందం గోడలు. పొద్దెక్కగానే కిటికీ రెక్కలు మూసి, పొద్దుగూకినంక బార్లా తెరిచేవాడు నాయిన. ఆయనకు ఏ అంకే తెలియదు. మే నెలలో షాబాదు బండల మీద నీళ్లు చల్లుకుని పడుకుంటే కునుకు పట్టేది.

మేడ లేని బడిలో వేడి ఎక్కువగా దిగేది కప్పు నుంచే. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. స్లాబు మీద తెల్లపూత ఏసీపీ షీట్ల ఖర్చులో ఏపాటి? ఫొటోలో పడదు, అదొక్కటే దాని తప్పు.

ఈసారి జాబితాలో దేవరకొండ వైపు బడి ఒకటుందని విన్నాను. కమిటీలోని అన్నలూ అక్కలూ, బడి ముందు రూపం చూపే ఎలివేషన్ డ్రాయింగ్ గీయించకముందే అక్కడి ఆయమ్మను ఒక మాట అడగండి. తెరుచుకునే రెక్కలు, రెండడుగుల సజ్జ, తెల్లటి కప్పు. చెక్కు రాసి పెట్టాను. సజ్జ గీసిన ప్లాను పంపండి, ఆ రోజే పోస్టు చేస్తాను.