పోయే రోజు కూడా కలిసి రావాలి

పెళ్లికి, గృహప్రవేశానికి ముహూర్తం చూసుకుంటాం. 2023లో పోయినవాళ్ల పేర్లు తేదీలతో సహా చూస్తుంటే, పేరున్న మనిషి పోవడానికి కూడా మంచి రోజు చూసుకోవాలేమో అనిపిస్తోంది. లేకపోతే టీవీలో స్క్రోలింగ్ కూడా సరిగ్గా దక్కదు.

మే 22నే తీసుకోండి. ఆ రోజు హైదరాబాద్‌లో శరత్‌బాబు పోయారు. అదే రోజు ఒంగోలులో కథారచయిత కేతు విశ్వనాథరెడ్డి పోయారు. ఎవరి గురించి రోజంతా చూపించారో చెప్పక్కర్లేదు కదా. శరత్‌బాబును తక్కువ చేయడం లేదు. ఆమదాలవలస నుంచి వెళ్లి నాలుగు భాషల్లో నిలదొక్కుకున్న నటుడు. ‘సాగర సంగమం’లో కమల్ హాసన్ పక్కన స్నేహితుడిగా ఆయన ఎక్కడా పోటీకి పోడు, అరవడు, అయినా గుర్తుండిపోతాడు. అలా తగ్గి నటించడం అందరివల్లా అయ్యే పని కాదు. అంత మర్యాదస్తుడికి మనం ఇచ్చిన మర్యాద ఏమిటంటే, మే మొదట్లోనే ఆయన్ని చంపేశాం. ఆస్పత్రిలో మనిషి బతికే ఉండగా నివాళులు పెట్టేశారు. ఇంట్లోవాళ్లు బయటికి వచ్చి అబద్ధమని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌లో ఉన్న కుటుంబానికి ఆ ఫోన్లు ఎలా ఉండి ఉంటాయో ఒక్కడైనా ఆలోచించాడా? అందరికంటే ముందు పెట్టాలి, అంతే.

ఇక కేతు. కడప జిల్లా రంగసాయిపురంలో పుట్టి, ఆ జిల్లా ఊళ్ల పేర్ల మీదే డాక్టరేట్ పరిశోధన చేసిన మనిషి. మన ఊరికి ఆ పేరెందుకొచ్చిందని చిన్నప్పుడు అందరం అడుగుతాం, ఎవరో ఒక కథ చెబితే నమ్మేసి ఊరుకుంటాం. ఆయన ఊరుకోలేదు. రాయలసీమ అంటే సినిమావాళ్లకు సుమోలు, కత్తులు. ఆయన కథల్లో సీమ అంటే వానకోసం చూసే రైతు, పార్టీల గొడవల్లో నలిగిపోయే మామూలు మనుషులు. 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యానికి సంపాదకత్వం వహించారు. అంటే సొంత రాత పక్కన పెట్టి ఇంకో రచయితను ముందుతరానికి అందించడానికి ఏళ్లు ఖర్చు పెట్టారన్నమాట. ఇంతా చేసి ఆ రోజు టీవీలో ఆయనకు దక్కిన చోటెంత?

ఆ ఏడాది మొదలే అలా మొదలైంది. జనవరి 27న జమున పోయారు. సత్యభామ అంటే తెలుగువాళ్ల కళ్లముందు ఇప్పటికీ ఆవిడే. రాజమండ్రి నుంచి ఎంపీగా కూడా గెలిచారు. సరిగ్గా అదే రోజు కుప్పంలో లోకేశ్ పాదయాత్ర మొదలవడం, అక్కడ నటుడు తారకరత్న కుప్పకూలిపోవడం జరిగాయి. టీవీ కెమెరాలు అటు తిరిగాయి. పాపం, ఆ కుర్రాడు ఫిబ్రవరి 18న పోయాడు. అదీ దారుణమే. కానీ జమునమ్మకు ఒక పూర్తి రోజు కూడా మిగల్లేదు.

ఫిబ్రవరి 2 పొద్దున దర్శకుడు సాగర్ పోయారు. వి.వి.వినాయక్, శ్రీను వైట్ల ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు. రాత్రికి కె.విశ్వనాథ్ పోయారు. దాంతో పొద్దుటి కబురు కాస్తా కొట్టుకుపోయింది. విశ్వనాథ్ విషయంలో మాత్రం కాలం కూడా తలవంచిందనుకోవాలి: ‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరి 2నే. రెండు రోజులు తిరక్కుండా, ఫిబ్రవరి 4న, చెన్నైలో గాయని వాణీ జయరాం. ఆవిడకొచ్చిన మూడు జాతీయ అవార్డుల్లో రెండు విశ్వనాథ్ సినిమాలకే, ‘శంకరాభరణం’కి ఒకటి, ‘స్వాతికిరణం’కి ఒకటి. ‘స్వాతికిరణం’లో ఆ పిల్లాడి గొంతు ఆవిడదే. ‘ఆనతినీయరా’ ఇంకోసారి వినండి, నడివయసులో ఉన్న ఆవిడ పసివాడి గొంతులోకి ఎలా వెళ్లిపోయారో తెలుస్తుంది. జనవరిలో పద్మభూషణ్ ప్రకటించారు. అందుకోకుండానే వెళ్లిపోయారు. అంత పాడిన మనిషికి 77 ఏళ్లు వచ్చేదాకా ఆగాలా? ఇది వేరే పోస్ట్ అవుతుంది, వదిలేస్తున్నా.

గద్దర్ సంగతి కొంచెం వేరు. ఆగస్టు 6న పోయారు, జనం విరగబడి వచ్చారు, ప్రభుత్వం అధికారిక లాంఛనాలు ప్రకటించింది. 1997లో జరిగిన కాల్పుల్లో దిగిన తూటా ఒకటి ఒంట్లో ఉండగానే పోలీసు వందనం. ఆ లాంఛనాలేంటని అభ్యంతరం చెప్పినవాళ్లూ ఉన్నారు. ఒక పాటగాడి శవం దగ్గర కూడా ఇంత వాదన జరిగిందంటే ఆ పాటకు ఇంకా పదును ఉందనే నా లెక్క. కానీ మర్నాడు అల్వాల్‌లో అదే అంత్యక్రియల జనంలో సియాసత్ ఉర్దూ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ గుండె ఆగి పోయారు. స్నేహితుణ్ని సాగనంపడానికి వచ్చి తనే పోయాడు. గద్దర్ మీద వచ్చిన పేజీలకొద్దీ రాతల్లో ఆయనకు దక్కింది చాలాచోట్ల ఒక పేరా.

అన్నిటికంటే నన్ను కుదిపేసింది స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు. ఆగస్టు 22న అమెరికాలో, 102 ఏళ్ల వయసులో. కబురు ఇక్కడికి చేరేసరికి 23. ఆ సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఇంకేముంది, దేశం మొత్తం పైకి చూస్తోంది. నేనూ చూశాను, చప్పట్లు కొట్టాను. ఆ హడావిడిలో, గూడూరు, నూజివీడు, నందిగామ బళ్లలో చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చేసి, 1945లో ఒక్క పేపర్‌తో స్టాటిస్టిక్స్‌ను మలుపు తిప్పిన మనిషి మాయమైపోయాడు. ఆ పేపర్లో ఆయన చెప్పిందాన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే: చేతిలో ఉన్న డేటా ఇంతే అయినప్పుడు, దాంతో ఎటూ మొగ్గకుండా కట్టే అంచనా ఇంతకు మించి కచ్చితంగా ఉండటం కుదరదు అని ఒక హద్దు గీశారు. క్రేమర్-రావు హద్దు అని పరీక్షల కోసం బట్టీపట్టే పిల్లల్లో చాలామందికి ఆ రావు ఎవరో తెలియదు. పోయిన ఏడాదే, అంటే 2023లోనే, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ కూడా వచ్చింది. గచ్చిబౌలి వైపు ఆయన పేరుతో రోడ్డే ఉంది. రోజూ ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకునేవాళ్లలో డేటా మీద బతికే ఉద్యోగులే ఎక్కువ. బోర్డు మీది పేరు మాత్రం ఎవరూ చదవరు.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నివాళి పోస్టర్లు చూశారా? పోయినవాళ్ల ఫొటో మూలన తపాలా బిళ్లంత, దీపం బొమ్మ ఒకటి, మిగతా అంతా నివాళి అర్పించే నాయకుడి చేతులు జోడించిన ఫొటో, కింద ఆయన పదవి, ఆ కింద ఆయన అనుచరుల పేర్లు. ఎవరు పోయారో వెతుక్కోవాలి.

డిసెంబర్ రాగానే ‘ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్లినవారు’ అని మళ్లీ మొదలుపెడతారు. పన్నెండు ఫొటోలుంటే పది సినిమా ముఖాలే. ఆ ప్రోగ్రాం తయారుచేసే బాబులకు నాదొక మనవి. పక్కన రచయితలకు, లెక్కల మాస్టార్లకు, పత్రికలవాళ్లకు నాలుగు గళ్లు వదలండి. వాళ్ల పనిలోంచి ఒక ముక్క వినిపించండి. కేతు కథలో ఒక పేరా ఎవరైనా గట్టిగా చదివితే రెండు నిమిషాలు కూడా పట్టదు. దీపం బొమ్మ లేకపోయినా పర్వాలేదు.