మందు పనిచేయలేదనే ముందు అడగాల్సినవి

రుమటాయిడ్ కీళ్లవాతానికి సాధారణంగా మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్క రోజే వేసుకోవాల్సిన ఈ మాత్రతో కొందరికి రెండు మూడు నెలల్లోనే పొద్దుటిపూట కీళ్లు పట్టేయడం తగ్గి పిడికిలి బిగించడం వీలవుతుంది. అదే మోతాదు వాడిన మరికొందరికి వాపు తగ్గకపోగా నోటిపూత, వికారం తోడవుతాయి. ఈ తేడాలో కొంత జన్యువులది, కొంత తిండిది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఇప్పటికిప్పుడు సరిదిద్దుకోగలిగింది రెండోదేనని నా అభిప్రాయం.

మెథోట్రెక్సేట్ ఫోలేట్ అనే బి విటమిన్ పనికి అడ్డుపడుతుంది. ఆ విటమిన్‌ను శరీరం వాడుకునే తీరును నిర్ణయించే ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో మార్పులున్నవారికి దుష్ఫలితాలు ఎక్కువని కొన్ని అధ్యయనాలు తేల్చగా, మరికొన్నింటిలో ఆ సంబంధం కనిపించలేదు; అందుకే ఆ పరీక్షను మామూలుగా రాయరు. ఇదే జబ్బుకు వాడే మరో మందు సల్ఫాసలజైన్ సంగతి కొంత స్పష్టంగా ఉంది. ఆ మందు నుంచి వచ్చే సల్ఫాపిరిడిన్ అనే పదార్థాన్ని ఎన్ఏటీ2 జన్యువు తీరువల్ల కాలేయం నెమ్మదిగా మార్చేవారిలో అది రక్తంలో పేరుకుపోతుంది. అలాంటివారు మన దేశంలో తక్కువేమీ కాదు.

ఇక తిండి. కీళ్లనొప్పులనగానే ఇంట్లో పెద్దవాళ్లు పప్పు, వంకాయ, పులుపు మాన్పించి పథ్యం పెడతారు. పప్పులు, ఆకుకూరలే ఫోలేట్‌కు మంచి ఆధారాలు కాబట్టి, మెథోట్రెక్సేట్ వాడేవారికి ఈ పథ్యం మేలుకన్నా కీడే చేయవచ్చు. డాక్టరు విడిగా రాసే ఫోలిక్ యాసిడ్ మాత్రను బలం గోలీ అనుకుని వదిలేయడం ఇంకా పెద్ద పొరపాటు: నోటిపూతను, కాలేయానికి జరిగే హానిని తగ్గించేది అదే. మద్యం అలవాటు ఉందా అని అడిగితే సాయంత్రం తాగే కల్లును చాలామంది ఆ లెక్కలో చెప్పరు, కాలేయానికి మాత్రం అదీ మద్యమే. బీడీ తాగేవారిలో మెథోట్రెక్సేట్ ప్రభావం తక్కువగా ఉంటుంది.

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు వైపు ఇంకో చిక్కు ఉంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన పెద్దవారిలో మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోవడం ఫ్లోరోసిస్ వల్ల కావచ్చు, దానిమీద మెథోట్రెక్సేట్ పనిచేయదు. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్లు వచ్చినా, ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ అంత త్వరగా పోదు. ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండవచ్చు. అందువల్ల జీవకణాలతో తయారయ్యే ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లకు మారే ముందు, ఏ నీళ్లు తాగి పెరిగారు, కల్లు, బీడీ ఉన్నాయా, ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నారా అన్నవి జిల్లా ఆసుపత్రుల ఓపీ చీటీలోనే నమోదు కావాలి.