బతుకమ్మ బ్యానర్ మీద మా అన్న సంతకం లేదు

పోయిన ఏడాది ఇక్కడ న్యూజెర్సీలో ఒక తెలుగు సంఘం బతుకమ్మ ఆటకు పోయినప్పుడు, స్టేజీ వెనక కట్టిన బ్యానర్ చూసి అక్కడే నిలబడిపోయాను. తంగేడు పూల బతుకమ్మను నెత్తిన పెట్టుకుని చెరువు కట్ట మీద నడిచే ఆడమనిషి, ఆమె వెనక పానగల్లు గుడి. నల్లగొండలో ఒక స్కూలు ప్రహరీ మీద మా పెద్దబాపు కొడుకు వేసిన బొమ్మ అది. కింద కుడి మూలన ఉండాల్సిన సంతకాన్ని మాత్రం కత్తిరించేశారు.

రాత్రి అన్నకు ఫోన్ చేసి చెప్తే, "పోనీ తియ్ తమ్మీ, అమెరికా దాంక పోయింది గదా" అన్నాడు. సంతోషంగానే అన్నాడు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అన్న పదో తరగతి తర్వాత షాపు బోర్డులు రాయడంతో మొదలుపెట్టాడు. ఎన్నికలొస్తే రాత్రంతా గోడలకు సున్నం కొట్టి పార్టీ గుర్తులు వేసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డు పని మొత్తం పోయింది, కొన్నేళ్లు ఇళ్లకు రంగులేస్తూ బతికాడు. తర్వాత స్వచ్ఛ భారత్ పేరుతో ఊళ్లల్లో గోడలకు బొమ్మలు వేయించడం మొదలైనంక మళ్లీ కుంచె పట్టాడు, అదీ అడుగుల లెక్కన కూలీకే. చేతిలో కాగితం ముక్క ఉండదు.

బొమ్మ వీధిలో ఉంది కాబట్టి అందరిదీ అనుకుంటాం. కానీ 1957 కాపీరైట్ చట్టం అట్లా అనదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసుకోవచ్చని 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, అందులో పెయింటింగ్ లేదు. ఇంకో చిక్కు ఉంది, ఇది మన ఆర్టిస్టుల్లో చాలామందికి తెలియదు: డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ డబ్బిచ్చినవాళ్లదే అవుతుంది. అందుకే ఒక్క పేజీ అయినా రాసుకోవాలని అన్నతో పదేపదే చెప్తున్నాను. అయితే కాపీరైట్ ఎవరి చేతిలో ఉన్నా, ఇది నేను వేసిందే అని చెప్పుకునే హక్కు, తన పరువు పోయేలా బొమ్మను పాడుచేస్తే అడిగే హక్కు 57వ సెక్షన్ కింద వేసినవాడికే ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకేస్తే ఆయన కోర్టుకెక్కాడు, 2005లో ఢిల్లీ హైకోర్టు 5 లక్షల పరిహారం ఇవ్వమని, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగిచ్చేయమని చెప్పింది.

మనకు దగ్గర్లోనే, న్యూయార్క్ క్వీన్స్‌లో 5 పాయింట్జ్ అనే చోట యజమాని అనుమతితోనే ఆర్టిస్టులు ఏళ్ల తరబడి గ్రాఫిటీ వేశారు. 2013లో ఆయనే రాత్రికి రాత్రి తెల్ల రంగు కొట్టించాడు. ఆర్టిస్టుల హక్కుల కోసం అమెరికాలో 1990లో వచ్చిన చట్టం కింద 2018లో కోర్టు 45 బొమ్మలకు 21 మంది ఆర్టిస్టులకు 67.5 లక్షల డాలర్లు ఇప్పించింది, 2020లో అప్పీలులోనూ ఆ తీర్పే నిలబడింది. గోడ తనదైనంత మాత్రాన దాని మీది బొమ్మను ఇష్టమొచ్చినట్టు చెరిపేయడం కుదరదని తేలింది.

మా అన్న బొమ్మకు మొన్న జనవరిలో సున్నం కొట్టేశారు. ఒక్క మాట కూడా చెప్పలేదట.

ఊరి గోడలను ఊరివాళ్లు చూసుకోవాలి, అక్కడ నేను చేయగలిగింది తక్కువ. మన బ్యానర్లు, సావనీర్ కవర్లు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. హాలుకు, భోజనాలకు, సౌండ్‌కు వేల డాలర్లు పెడతాం, బొమ్మకు మాత్రం ఫోన్‌లో ఫార్వర్డ్ అయిన ఫొటో చాలనుకుంటాం. ఇది తప్పు. వేసినవాళ్లెవరో కనుక్కుని అడగండి, డబ్బివ్వండి, పేరు వేయండి. పాలమూరులో, గద్వాలలో, సూర్యాపేటలో గోడ బొమ్మలు వేసేవాళ్ల ఫోన్ నెంబర్లు అన్న దగ్గర ఉన్నాయి. ఈ దసరాకు బ్యానర్ చేయించే కమిటీవాళ్లు నన్ను అడిగితే వాళ్లతో నేనే మాట్లాడిస్తాను.