మాట్లాడాల్సినప్పుడు మాట్లాడని మోకాలు గారికి

గౌరవనీయులైన కుడి మోకాలు గారికి, నమస్కరించి వ్రాయునది.

మీరు క్షేమమేనని నాకు తెలుసు. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూసి అదే మాట చెప్పారు. నేనే క్షేమంగా లేను. ఇవాళ మధ్యాహ్నం సంతాప సభలో అందరం రెండు నిమిషాల మౌనం కోసం లేచి నిలబడుతున్నప్పుడు తమరు చేసిన ఆ 'టప్' ఉంది చూశారూ, ఈ ఉత్తరం దాని గురించే. హాలంతా నిశ్శబ్దం, ఫ్యాను రెక్కల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి మొదట నా మొహం చూశారు, తర్వాత నా జేబు చూశారు, ఫోను పగిలిందనుకున్నారో ఏమో. పక్కనున్నావిడ దించిన తల ఎత్తకుండానే "మీకు కాల్షియం తక్కువండీ" అని గొణిగారు. మౌనం పాటిస్తూనే! ఆ మిగతా నిమిషంన్నర పోయినాయన్ని తలుచుకోవాలో, పోయిన నా పరువుని తలుచుకోవాలో తెలియలేదు.

ఆ చప్పుడేమిటో నేను చదువుకున్నాను లెండి, కాల్షియానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. కీలు లోపల ఉండే జిగురు ద్రవంలో వాయువులు కరిగి ఉంటాయి. ఎముకల అంచులు ఒక్కసారిగా ఎడమైతే లోపల ఒత్తిడి పడిపోయి ఖాళీ బుడగ ఏర్పడుతుంది, దాంతో టప్. ఇది తేల్చడానికి 1947లో లండన్‌లో ఇద్దరు పరిశోధకులు మనుషుల వేళ్లు లాగుతూ ఎక్స్‌రేలు తీశారు. బుడగ పుట్టినప్పుడా చప్పుడు, పేలినప్పుడా అని తర్వాతివాళ్లు దశాబ్దాల పాటు వాదించుకున్నారు, 2015లో కెనడా పరిశోధకులు ఎంఆర్ఐలో వేలు విరుస్తుండగానే చూసి పుట్టినప్పుడే అన్నారు. అమెరికాలో డోనాల్డ్ అంగర్ అనే డాక్టరైతే, వేళ్లు విరిస్తే కీళ్లవాతం వస్తుందన్న వాళ్లమ్మ మాట నిజమో కాదో చూద్దామని 60 ఏళ్లకు పైగా ఎడమ చేతి వేళ్లే విరుచుకున్నాడు, కుడి చేతి జోలికి పోలేదు. రెండు చేతులకీ తేడా ఏమీ కనబడలేదు. 2009లో ఆయనకి ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి. ఒక్క మనిషి చేతులతో అంతా రుజువైపోదనుకోండి. అయినా నొప్పీ వాపూ లేని చప్పుడుకీ అరుగుదలకీ లంకె పెట్టడం మామూలుగా బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే, కాకపోతే ఇక్కడ మోకాలు నిజంగానే ఉంది.

సరే, తమరి చప్పుడులో కొంత ఈ బుడగ, కొంత కండరాన్ని ఎముకకి కట్టే ఏ స్నాయువో ఎముక గడ్డ మీదుగా జారడం. రెండిట్లో ఏదైనా ఫరవాలేదంటారు. అంటే ఫరవాలేని విషయాన్ని తమరు నిండు సభలో చాటింపు వేశారన్నమాట. బాగుంది. మరి ఫరవా ఉన్న విషయాలు?

అసలు నా బాధ ఇదీ. తొడ ఎముక చివర, దాని కింద కాలి ఎముక పైన, చిప్ప వెనకాల, అంతటా కొన్ని మిల్లీమీటర్ల మందాన నున్నటి మృదులాస్థి పరిచి ఉంది. అందరూ గుజ్జు అరిగిందంటారే, ఆ అరిగేది ఇదే. దానికి రక్తనాళాలు లేవు. అది సరే, ఎలాగో నెట్టుకొస్తుందిలే అనుకోవచ్చు. నాడులు కూడా లేవు! మనిషి నడిచినప్పుడల్లా ఒంటి బరువుకి రెండు మూడింతలు, మెట్లెక్కితే అంతకంటే ఎక్కువ మోసే చోట, నొప్పి అన్నది తెలియని పొర పరిచారు తమరు. అది రోజూ కాస్త కాస్త అరుగుతున్నా నాకు కబురు రాదు. కబురు ఎప్పుడొస్తుందంటే, కింది ఎముక మీద భారం పడ్డాక, చుట్టూ ఉన్న పొర వాచాక. వాటికి నాడులున్నాయి మరి. చిన్న ముల్లు గుచ్చుకుంటే అరికాలు క్షణంలో చెబుతుంది. తమరు మాత్రం కొంప సగం మునిగాక మెల్లగా వచ్చి 'కొద్దిగా తడి తగులుతోంది సార్' అంటారు.

ఆ నెలవంకల సంగతి ఇంకా ఘోరం. ఎముకల మధ్య కుదుపు పట్టడానికి నెలవంక ఆకారంలో మెత్తలు రెండున్నాయి కదా, వాటిలో లోపలి వైపుది పెద్దగా కదలదు, అందుకే ఎక్కువసార్లు చిరిగేదీ అదే. పాదం నేలకి ఆనించి ఒళ్లు తిప్పితే చాలు. పోనీ చిరిగితే చిరిగింది, చిరిగిందని అప్పుడే చెప్పొచ్చుగా? చాలాసార్లు వాపు మర్నాడు పొద్దున వస్తుంది. ఆ సాయంత్రమంతా మనిషి 'ఏదో పట్టేసిందిలే' అనుకుంటూ దాని మీదే తిరుగుతాడు. బయటి అంచుకి రక్తం అందుతుంది కాబట్టి అక్కడైతే అతుక్కునే ఆశ ఉంది, లోపలి అంచుకి రక్తమే లేదు, ఇక అతుక్కునేది ఏ బలంతో? ఏ ఆఫీసులో అయినా సమాచారం ఇలా నడిపితే మొదటి వారంలోనే మెమో ఇస్తారు.

ఇక నావల్ల కాదు, మీరు లేదు తమరు లేదు. చూడు, నువ్వు చెప్పకపోతే పోనీ, వేరేవాళ్లని చెప్పనిస్తావా? ఎక్స్‌రేలో నీ మృదులాస్థి కనబడదు. రెండెముకల మధ్య సందు ఎంతుందో చూసి డాక్టర్లు అంచనా వేసుకోవాలి. "నార్మల్" అని రాసిచ్చిన కాగితం పట్టుకుని నేను కుంటుకుంటూ మెట్లు దిగాను, తెలుసా? కొంతమందికి నీ దగ్గర నొప్పి పుడుతుంది, నీకేమో ఏమీ కాదు, అరిగింది తుంటి కీలు! రెండిటికీ వెళ్లే నాడులు ఉమ్మడివి కాబట్టి మెదడు చిరునామా తప్పు చదువుతుంది. తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయన్నవాళ్లు ఒక్క పిసరు కిందికి చూసుంటే వైద్యశాస్త్రమే అయ్యేది. అంటే నీకైనప్పుడు నువ్వు చెప్పవు, ఎవరికో అయినప్పుడు మాత్రం గొంతు చించుకుంటావు. ఇదేం పద్ధతి?

మిగతా కీళ్లు మాత్రం పతివ్రతలా అంటే కాదు. భుజం ఉంది, బంతి పెద్దది గిన్నె చిన్నది, ఏ వైపుకైనా తిరుగుతానని గొప్పలు పోతుంది, అందరికంటే ఎక్కువగా జారిపోయేదీ అదే. మోచేయి తన నాడిని చర్మం కిందే ఆరుబయట పెట్టుకుని తలుపు తగిలితే కరెంటు కొట్టిస్తుంది. పుర్రె అతుకులు కీళ్ల జాబితాలో పేరు రాయించుకుని ఒక్క రోజూ కదలకుండా గడిపేస్తాయి. మెడ ఒక్కటే నయం, అవునని ఊపడానికి ఒక కీలు, కాదని తిప్పడానికి దాని కింద ఇంకో కీలు పెట్టుకుంది.

నీ పని చూస్తే తిట్టబుద్ధి కాని క్షణాలు లేకపోలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బడి పుస్తకం నిన్ను మడతబందు కీలు అని ఒక్క ముక్కలో తేల్చేసింది. తలుపు బందు అయితే ఒక్క ఇరుసు మీద తిరుగుతుంది. నీలో తొడ ఎముక గుండ్రటి చివరలు దొర్లుతూనే జారాలి, ఉత్తినే దొర్లితే కింది ఎముక మీంచి వెనక్కి పడిపోతాయి. ఆ రెండు కదలికలకీ తాళం తప్పకుండా లోపల రెండు లిగమెంట్లు కత్తెరలా అడ్డంగా కట్టి ఉన్నాయి. ముందున్న చిప్ప తొడ కండరానికి కప్పీలా పనిచేసి లాగే బలం పెంచుతుంది. ఇక కాలు పూర్తిగా చాపే చివరి కాస్త దూరంలో ఎముకలు ఒకదానిమీద ఒకటి కొద్దిగా మెలిక తిరిగి బిగుసుకుంటాయి, అందుకే క్యూలో అంతసేపు నిలబడ్డా తొడ కండరానికి పెద్ద శ్రమ ఉండదు. మళ్లీ వంగాలంటే వెనకాల గుంటలో ఉన్న చిన్న కండరం ఆ మెలిక విప్పాలి. కుర్చీలో కూర్చుని గుంటలో వేలు పెట్టి కాలు మెల్లగా చాపుతూ చూశాను, చిప్ప కింద సన్నగా గరగరమంటూ పైకి జారింది, చివర్లో పాదం కొంచెం బయటికి తిరిగి ఆగింది. ఇంత పనితనం ఉండీ ఒక్క ముక్క చెప్పడం రాదేమిటి నీకు?

సరే, బేరానికొద్దాం. నీ మృదులాస్థికి రక్తం అందదు కాబట్టి దాని తిండి ఆ ద్రవంలోంచే రావాలి, నడిచినప్పుడు నొక్కుకుని వదిలితేనే ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. కాబట్టి నీకు తిండి పెట్టేది నా నడకే. ఫిజియో చెప్పిన ప్రకారం కాలు చాపి తొడ బిగించడం కూడా చేస్తాను. దానికి బదులుగా నేనడిగేది పెద్దదేం కాదు. చప్పుడు చేసుకో, అలవాటు పడతాను, ఏ సభకి వెళ్లినా చివరి వరసలో కూర్చుంటాను. చిరిగితే మాత్రం ఆ రోజే వాచు. మర్నాటిదాకా ఆగకు.

ఇట్లు,
నీ మీద నిలబడక తప్పని మనిషి

ప్రతి: ఎడమ మోకాలికి. నువ్వేం నవ్వక్కర్లేదు, మొన్న మెట్ల దగ్గర నీ గొంతు కూడా విన్నాను.